అరవై ఒక్క అడుగులు

షెఫీల్డ్‌లో, ఆ శీతాకాలం,
కత్తిపిడులు చేసి చేసి మూతబడ్డ కార్ఖానా పై అంతస్తులో
మా స్టూడియో.
గోడలకు గుడ్ల అట్టలు, కిటికీకి పాత పరుపు.
నా ఉద్యోగం పేరు టేప్ ఆపరేటర్.
చేసే పని టీ కాచడం.

సినిమావాళ్ళకు పాట కావాలట.
కథానాయిక రాత్రి బస్సు దిగి
వంతెన మీద ఒక్కతే నడుస్తుంది,
అప్పుడు రావాలట.
రెండు నిమిషాల యాభై ఒక్క సెకన్లు.
"హుషారుగా ఉండాలి, కానీ చల్లగా" అన్నాడు
లండన్ నుంచి వచ్చిన ఒంటెరంగు కోటాయన.
"మా ఇంటి హీటర్‌లాగా అన్నమాట,
చప్పుడే గానీ వేడి లేకుండా" అన్నాడు డెంజిల్
డ్రమ్ము పుల్లతో వీపు గోక్కుంటూ.

రోలండ్ పాడేటప్పుడు ఎవర్నీ చూడడు.
నోట్లో ఐసుముక్క ఉన్నట్టు
ఒక్కో మాటా కొరికి వదుల్తాడు.
అద్దెకు తెచ్చిన సింథసైజర్
గది వెచ్చబడితే శ్రుతి తప్పుతుంది,
అందుకని హీటర్ కట్టేసి
కోట్లతోనే వాయించారు అందరూ.
ఆ పాటలో చలి నటన కాదు.

రెండో చరణం అయ్యాక
అందరూ ఆగిపోతారు.
ఏవరిల్ బేస్ గిటార్ ఒక్కటే,
నలభై తొమ్మిది సెకన్లు.
ఏం వాయించిందో చెప్పడం నాకు చేతకాదు.
చీకట్లో నిండు గర్భిణి మెట్లు దిగుతున్నట్టు,
ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ,
చివర, ఉందనుకున్న మెట్టు లేనట్టు.
టీ కప్పులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను.
ఆమె తీగ వదిలాక కూడా
కప్పుల్లో టీ వణుకుతూనే ఉంది.

మొత్తం మూడు నిమిషాల నలభై.
కోటాయన వాచీ చూసుకున్నాడు.
వంతెన అంత పొడుగు లేదన్నాడు.

బాగ్‌షా గారు బ్లేడు నా చేతికిచ్చాడు.
"నీ చెయ్యి వణకదు, నువ్వు కొయ్యి."
తెల్ల పెన్సిల్‌తో అటొక గీత, ఇటొక గీత,
ఏటవాలుగా రెండు కోతలు,
అతుకు మీద గోటితో ఒక ఒత్తు.
ఏవరిల్ గిటార్ పెట్టెలో పెట్టి
క్లిప్పులు నొక్కింది. టక్. టక్.
"బస్సు పోతుంది" అంది.
అంతే.

సెకనుకు పదిహేను అంగుళాలు.
లెక్క కట్టాను: అరవై ఒక్క అడుగులు.
చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాక
చుట్టచుట్టి కోటు జేబులో కుక్కాను.

సినిమా రెండు వారాలు ఆడింది.
పాట ఇంకో వారం ఎక్కువ బతికింది.
రికార్డు అట్ట మీద ఏవరిల్ పేరులో
ఒక అక్షరం ఎగిరిపోయింది.
హాల్లో నేను వంతెన చూడలేదు.
కళ్ళు మూసుకుని అతుకు కోసం విన్నాను.
వినపడలేదు. అంత బాగా కోశాను.
ఆ పొగరూ ఆ సిగ్గూ
రెండూ నావే.

ఉక్కు మిల్లు మూసేశాక మా నాన్న
కొండవాలున కౌన్సిల్ ఇచ్చిన తోటముక్కలో
బఠాణీలు వేశాడు.
మొలక మొలకనల్లా పావురాలు తినేస్తున్నాయి.
నా కోటు జేబులో ఏదో గోధుమరంగు పట్టీ దొరికితే,
పనికొచ్చేదైతే జేబులో ఎందుకుంటుందనుకుని
కర్రకూ కర్రకూ మధ్య బిగించి కట్టేశాడు.

నేను వెళ్ళేసరికి
ఎండలో తళతళా ఊగుతోంది ఏవరిల్.
డాన్ నది మీంచి గాలి వచ్చినప్పుడల్లా
బొంగురుగా ఒక ఝుం.
"వెధవది, తెగ మోగుతోంది" అన్నాడు నాన్న,
"కానీ పావురమన్నది రావట్లేదు."

నేనేం చెప్పలేదు.
బోర్లించిన బకెట్ మీద కూర్చుని
చీకటి పడేదాకా విన్నాను.
ఎక్కడా ఒకే మెట్టు రెండుసార్లు దిగలేదు గాలి.

ఆ ఏడు కాపు బాగా నిలిచింది.
ఏవరిల్‌కి ఒక సంచీ నిండా కాయలు పంపాను.
ఎందుకో
రాయలేదు.