గీత పడని రోజు

తురహళ్ళి గేటు దగ్గర
ఇంకా తెల్లవారలేదు.
టీ కొట్టు స్టౌ ఒక్కటే నీలంగా మేలుకుని ఉంది.
ముందు చక్రంలో గాలి కాస్త తీశాను,
మాదేశ నేర్పినట్టు,
బొటనవేలితో నొక్కితే
పండీ పండని జామకాయలా ఉండేదాకా.

ఇక్కణ్ణుంచి దారి ఒక్కరికే.
పక్కన మనిషి పట్టడు, మాట పట్టదు.
హ్యాండిల్ పోగా రెండు వేళ్ళ సందు మిగులుతుంది,
అటు లంటానా, ఇటు లంటానా.
నీలగిరి ఆకుల మీద చక్రం జారితే
జారనివ్వాలి.
సరిచేయబోతే పడతాం.
ఇది తెలుసుకోవడానికి నాకు
రెండు ప్యాంట్లు, ఒక పంటి చివర ఖర్చయ్యాయి.

వారమంతా నా పని లెడ్జర్లు.
వేరేవాళ్ళ తప్పులు వెతికి
కింద ఎర్రగీత గీస్తే జీతమిస్తారు.
నలభై ఏడేళ్ళకి
నా తప్పుల కిందా గీతలు పడటం మొదలైంది
ఆ రాయి దగ్గర.

రాయి అంటే రాయే.
ఏనుగులా ఉందనలేను, బొట్టు పెట్టి మొక్కేదీ కాదు.
మూడు కానుగ చెట్ల మలుపు తిరగగానే
దారిని అడ్డంగా కోసి
నడుములోతు దిగిపోతుంది.
కింద చెట్టువేళ్ళు, వెంటనే ఎడమకి మలుపు.
దాని బుగ్గ మీద తెల్లటి గీతలు,
పెడల్ తగిలినవి, చైను పళ్ళు కొరికినవి,
ఎవరెవరివో, ఎన్ని ఆదివారాలవో,
బడిలో చేరిన మొదటిరోజు పలకలా.
వాటిలో నావి అయిదు.
అన్నిటికన్నా పొడుగుది ఆగస్టుది.
ఆ రోజు మణికట్టు కూడా సంతకం పెట్టింది.

"బ్రేకు బిడి అక్కా, బ్రేకు బిడి!"
కింద నించుని మాదేశ అరుస్తాడు.
ఉత్తరహళ్ళిలో పంక్చర్ల కొట్టు వాడిది,
పందొమ్మిదేళ్ళు, మోకాళ్ళు రెండూ కుట్లే.
విడవమనే మాట
కన్నడంలో అయినా తెలుగులో అయినా
చెవిదాకా వస్తుంది, వేళ్ళదాకా పోదు.
పైన నా వేళ్ళు, కింద చెట్ల వేళ్ళు,
పట్టుకోవడం తప్ప
ఇంకేమీ నేర్చుకోలేదు రెండూ.

ఈ వేళ వాడు రాలేదు.
చెల్లెల్ని పరీక్షకి దింపాలట.
నేనూ దూకుదామని రాలేదు.
రాయి దాకా పోయి, దిగి,
సైకిల్ నడిపించుకుపోదామనుకుంటూ
ఆఫీసులో తేలని మొత్తం ఒకటి,
పదకొండు వేల రెండు వందల నలభై,
నోట్లో నములుతూ కానుగల మలుపు తిరిగాను.
రాతి మీద నెమలి.
ఆడది, గోధుమరంగు, ఏ ఆర్భాటమూ లేదు.
ఆలస్యమైన బస్సుని చూసినట్టు
నన్నోసారి చూసి
కిందికి దూకి ఎడమకి నడిచిపోయింది.

నేను దాన్నే చూస్తున్నాను.
తోక పొదలోకి పోవడం చూస్తున్నాను.
ముందు చక్రం ఎప్పుడు దిగిందో,
నడుముని వెనక్కి ఎవరు లాగారో,
కడుపు సీటుని తాకింది,
చెట్టువేళ్ళ మీద పళ్ళు టకటక కొట్టుకున్నాయి,
ఎడమ.
నేల.
నా ఊపిరి నాకంటే వెనక వచ్చి చేరింది.

చుట్టూ ఎవరూ లేరు.
కనకపుర రోడ్డు మీద లారీ ఏదో గేరు మార్చింది.
సైకిల్ పడుకోబెట్టి వెనక్కి ఎక్కాను,
ఉద్యోగపు జబ్బు, దేనికైనా రుజువు కావాలి నాకు,
వంగి, బుగ్గకి బుగ్గ ఆనేంత దగ్గరగా వెతికాను.
పాతవి అయిదూ ఉన్నాయి.
ఆరోది లేదు.

ఇన్నాళ్ళూ రాయి అంది రాయి,
రాశాను.
ఇవాళ అది ఏమీ అడగలేదు.

మాదేశకి ఏం చూపించను?
గీత పడని చోటుని ఫోటో తీసి పంపాను.
కాసేపటికి జవాబు వచ్చింది:
"ఏనిదు అక్కా, బరీ కల్లు?"
అవును, వట్టి రాయే.

మళ్ళీ సైకిల్ తోసుకుంటూ పైకెక్కాను.
ఈసారి నెమలి లేదు.
బ్రేకు మీద వేళ్ళు
వాటంతట అవే బిగుసుకున్నాయి.