మెట్టు దిగడానికి ఫారం

మా దీవి పేరుకు పూలు అని అర్థం.
అట్లాంటిక్ నడుమ ఇక్కడ
పూలకంటే పొగమంచే ఎక్కువ పూస్తుంది.

కౌంటర్లో నా మోచేతి కింద నిబంధనల పుస్తకం.
పద్దెనిమిదేళ్ళ నుంచి తిప్పుతున్నాను,
అంచులు తడిసిన రొట్టెలా మెత్తబడ్డాయి.

రెండు గంటలు ఆలస్యమైతే కాఫీ కూపన్.
రాత్రయితే మంచం.
అసాధారణ పరిస్థితుల్లో పరిహారం లేదు.
పొగమంచు అసాధారణం.
వారానికి మూడుసార్లు వచ్చే అసాధారణం,
ఆవుల్ని మింగేసి
మెడగంటల చప్పుడు మాత్రం మిగిల్చే అసాధారణం.
పైదాకా వచ్చిన విమానం దిగకుండా వెనక్కి తిరిగిన రోజున
పొమ్మనలేక పొగబెట్టినట్టుంటుంది ఆకాశం.
జనం నన్ను తిడతారు.
నేను పేజీ తిప్పుతాను.

సిల్వేరియు తిట్టడు.
తిట్టడానికి గొంతు లేదు, గడ్డ తీశాక సగమే మిగిలింది.
రెండు మంగళవారాలకోసారి తెర్సెయిరా ఆసుపత్రికి,
గురువారం వెనక్కి.
బూట్లకు పేడ, చంకలో ఎక్స్‌రేల కవరు,
పదకొండు ఆవుల్ని పక్కింటి నతేర్సియాకు అప్పజెప్పి
కిటికీ పక్క సీటొద్దంటాడు.
"పైనుంచి నా పొలం చూస్తే
ఎవరిదో అనిపిస్తుంది, ఇదాలినా."

రెండో ఏడు ఫిబ్రవరిలో
కంపెనీ నుంచి ఉత్తరమొచ్చింది.
అభినందనలు! మీ ప్రయాణాభిరుచికి
బంగారు సభ్యత్వం.
అభిరుచి అన్న మాట దగ్గర వేలు పెట్టి
చాలాసేపు తీయలేదు.

బంగారు సభ్యులకు విశ్రాంతి మందిరం ఉచితం.
మా విమానాశ్రయంలో అది లేదు,
ఒక బెంచీ, చిల్లర మింగే కాఫీ యంత్రం.
బంగారు సభ్యులు ముందుగా ఎక్కవచ్చు.
ముప్ఫై ఏడు సీట్లు, ఒకటే తలుపు.
నిబంధన కాబట్టి పిలిచేదాన్ని.
లేచి వచ్చి తలుపు పక్కన నిలబడి
అందరినీ ఎక్కనిచ్చి
ఆఖర్న ఎక్కేవాడు.
అదీ నిబంధన అనుకున్నాడేమో.

ఒకసారి మైళ్ళు నతేర్సియాకు ఇమ్మన్నాడు.
ఆమెకు నెలలు నిండుతున్నాయి,
మా దీవిలో కాన్పుల వార్డు లేదు,
పుట్టే ప్రతి బిడ్డా పుట్టకముందే ఒకసారి ఎగురుతుంది.
మైళ్ళు రక్తసంబంధీకులకే చెల్లుతాయని చదివాను.
"ఈ దీవిలో చుట్టం కానివాడెవడు?" అన్నాడు.
రుజువు పత్రం కావాలన్నాను.
ఆ మాట అన్నందుకు
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

జూన్లో ఒక పొద్దున మళ్ళీ వచ్చాడు, కవరు లేకుండా.
"మెట్టు దిగడానికి ఫారం ఉందా?"
ఏ మెట్టు?
జేబులోంచి కార్డు తీసి కౌంటరు మీద బోర్లించాడు.

వెతికాను.
పైకెక్కడానికి పదకొండు పేజీలున్నాయి,
కంచు, వెండి, బంగారం, ఆపై ఏదో రాయి పేరు.
దిగడానికి ఒక్క వాక్యం:
సభ్యుడు ఎగరకపోతే సరిపోతుంది.

"అయితే సరిపోతుంది," అన్నాడు.
"ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నాడు డాక్టరు."

క్యూలో వెనకున్న పశువైద్యుడు
ఎద్దు వీర్యం ఫ్లాస్కు కింద పెట్టి
చప్పట్లు కొట్టాడు. మరెవరూ కొట్టలేదు.
వాళ్ళకేం తెలుసు.

జనవరిలో ఇంకో ఉత్తరం.
మిమ్మల్ని చూసి చాలా రోజులైంది.
మరో ఆరుసార్లు ఎగిరితే మీ హోదా నిలుస్తుంది.
అది మడిచి, అందులో జున్ను ముక్క చుట్టి
నా కౌంటరు మీద పెట్టిపోయాడు.
బహుమతులు తీసుకోరాదని
నలభై రెండో పేజీ.
పొగమంచు దిగిన మధ్యాహ్నం,
విమానం రాదని తేలాక, తిన్నాను.

మొన్న వాళ్ళ పాలగది మీదుగా వెళ్తుంటే చూశాను.
కొయ్య అచ్చుల అంచున పేరుకున్న మీగడను
బంగారు కార్డుతో గీకుతున్నాడు.
అతని పేరులో సగం అక్షరాలు అప్పటికే అరిగిపోయాయి.
"దీనికి పదును బాగుంది," అన్నాడు తలెత్తకుండా.
తొట్టిలో నతేర్సియా కూతురు
గంట చప్పుడు ఎటునుంచో
వెతుక్కుంటోంది.