ఆరోసారి మోగదు

ఊలూలో ఫిబ్రవరి. బయట మైనస్ ఇరవై రెండు.
అపార్టుమెంటు నేలమాళిగలో ఆవిరి గది,
బుధవారం ఏడింటికి ఆడవాళ్ళ వంతు.
ఒంటిమీద నూలుపోగు లేకుండా నలుగురం
చెక్క మెట్లమీద.
ఫోన్లు అవతల గదిలో, కోటు జేబుల్లో ఉడుక్కుంటున్నాయి.
అప్‌డేట్ అవమని నన్నెవరూ అడగని చోటు
నాకు తెలిసి ఇదొక్కటే.

ఒకప్పుడు నలుగురిదీ ఒకే కంపెనీ. ఫోన్లు చేసేవాళ్ళం.
ఆ భవనంలో ఇప్పుడేముందో టూలిక్కిని అడక్కండి,
బకెట్టు నీళ్ళన్నీ ఒక్కసారే రాళ్ళమీద కుమ్మరిస్తుంది,
మన వీపులు కాలతాయి.

వార్తలు చదివేది ఎప్పుడూ ఆవిడే.
"ఫ్రిజ్జులు మాట్లాడుతున్నాయట."
"ఏమంటాయి?"
"పాలు అయిపోయాయంటాయి."
"ఖాళీ డబ్బా కూడా ఆ మాటే చెప్పేది కదే,
నెలకి నాలుగు యూరోలు అడక్కుండా."

"యంత్రమే కోడు రాసేస్తోందట."
"రాయనీ. తప్పులు కూడా అదే రాస్తుందా?"
"మనవే రాస్తుంది. మన దగ్గరే నేర్చుకుంది."
"మీటింగులకి వెళ్తుందా?"
ఎవరూ మాట్లాడలేదు. రాళ్ళు మాత్రం సుయ్యిమన్నాయి.
"అది కూడా నేర్పారంటే
నేను చర్చికెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తా."

ఆయ్లా సంగతి వేరు.
మనవడి ఫొటోలన్నీ క్లౌడుకి ఎక్కించి
పాత డిస్కుని చెత్తబుట్టలో వేసింది.
పాస్‌వర్డ్ మరిచిపోయింది.
మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటంది క్లౌడు.
కుక్క పేరు కొట్టింది. కాదంది.
కుక్కకి ముందు తాబేలుండేది, దాని పేరు కొట్టింది. కాదంది.
తాబేలుకి పేరు పెట్టింది అక్కా తనా అన్న దగ్గర
మూడో అవకాశమూ పోయింది.
మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోవడమంటే
అచ్చంగా ఇదే.
నవ్వాం. ఆయ్లా కూడా నవ్వింది,
కొంచెం ఆలస్యంగా.

అప్పుడు మోగింది,
అవతల గదిలో, సిర్క్కా కోటులోంచి.
ఇరవై నాలుగేళ్ళ పాత ఫోను. కింద పడితే నేలకి సొట్ట.
ఆ అలారం రాసింది సిర్క్కానే.
పరీక్షించింది నేను.
తప్పులు పట్టడం నా ఉద్యోగం, ఇప్పుడు ఊరికే చేసిపెడుతున్నాను.

ఎవరూ ఆపకపోతే నాలుగు నిమిషాలకోసారి
మళ్ళీ మొదలెడుతుంది.
ఐదుసార్లు. ఆరోసారి మోగదు.
అది బగ్ అని రాశాను, నంబరుతో సహా.
కిందనే సిర్క్కా జవాబు:
"ఆరోసారికీ లేవని మనిషిది
ఫోను బాధ్యత కాదు."
ఆ ఒక్క వాక్యం మీద ఆరు వారాలు పోట్లాడుకున్నాం.
క్యాంటీన్లో బల్లలు మార్చుకున్నాం.
తర్వాత కంపెనీయే లేవలేదు.

రెండోసారి మోగింది.
"వెళ్ళి ఆపనా?" అంది ఆయ్లా.
"కూచో," అంది సిర్క్కా. వాన్‌హోలకి రాళ్ళగుట్టలా, కదలకుండా.
మూడు.
టూలిక్కి ఈసారి గరిటెతో కొద్దికొద్దిగా పోసింది.
నాలుగు. చెమట కళ్ళలోకి కారుతోంది,
చెమటే అనుకుంటున్నాను.
ఐదోసారి మోగుతున్నప్పుడు
సిర్క్కా నా వైపు చూడకుండానే అంది:
"నువ్వు చెప్పింది నిజమే.
ఆ రాత్రే చూశాను. లెక్క ఒకటి తక్కువ పెట్టాను.
సరిచెయ్యడానికి రెండు నిమిషాలు పట్టేది."

మోత ఆగింది.
నాలుగు నిమిషాలు నలుగురం ఊపిరి బిగబట్టి విన్నాం,
అవతల ఏమీ మోగకపోవడాన్ని.

"మూసెయ్యనా మరి?" అన్నాను.
"వద్దు," అంది, "ఉండనీ."