పదో గింజ

కుక్క కూడా కాదు, కుక్కపిల్ల.
పాలపళ్లు ఊడని నోరు.
చలికాలం గుడారాలకని ఎడారికి పోయినప్పుడు
ఇంటి పిల్లోడు బదర్
చొక్కాలో దాచి తెచ్చినాడు.
జహ్రా ఇంటికి నా తర్వాత వచ్చింది అదొక్కటే,
కొత్త పనిమనిషిని చూసినట్టు చూసినాను.

శుక్రవారం వాకిలి కడగతా ఉంటే
నీళ్ల పైపును పామనుకుందో ఏమో
ఎగిరి, పైపు తప్పి, నా మడమ పట్టింది.
రెండు చుక్కలు.
గోరింటాకు పుల్లతో పెట్టినట్టు.
మామా నవ్వి "మాఫీ ముష్కిల్" అనింది.
ముష్కిల్ ఉందో లేదో
కరిచినదాన్ని అడగాల, కరిపించుకున్నదాన్ని అడగాల.
మామానా అడిగేది?

బట్టల సబ్బుతో కడిగినాను.
గిన్నెల సబ్బుతో కడిగినాను.
నేల తుడిచే మందు మూత తీసి, మళ్లీ పెట్టేసినాను.

ఆ రాత్రి గుర్తుకొచ్చినాడు
సుండుపల్లె కాడ బెస్త ఈరన్న.
ఏరు పారినన్నాళ్లూ ఏట్లోనే బతికినోడు
గడియేసిన గదిలో
చెంబుడు నీళ్లు చూసి గోడకు పాకినోడు.
కిటికీ సందులోంచి చూసినాను, ఎనిమిదేళ్లు నాకు.

ఊరికి ఫోన్ చేసి చెప్పలే.
చెప్తే మా అత్త వంకాయ తినొద్దంటుంది,
బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటుంది,
కడుపులో కుక్కపిల్లలు పడతాయంటుంది.
"ఏం తింటివి?" అనింది.
"మచ్బూస్" అన్నాను.
ఆ మాటకే ఎప్పుడూ నవ్వుతుంది. నవ్వింది.

డ్రైవర్ మహబూబ్ పీరాది రాయచోటి.
"పది దినాలు దాన్ని చూడు ఓబులమ్మా,
అది బతికుంటే నువ్వు బతికినట్టే.
సూది మాత్రం రేపే" అన్నాడు.
సూదికి కార్డు కావాల. కార్డు మామా బీరువాలో.
బీరువా తాళం మామా మూడ్‌లో.

నిడో డబ్బాలో రోజుకొక ఖర్జూరం గింజ.
పొద్దున్నే దాని ముందు గిన్నెడు నీళ్లు,
నా ముందు ఒక గ్లాసు.
అది నాకినాకే నేను తాగేది.
సముద్రాన్ని కాచి మంచినీళ్లు చేసే దేశంలో
గొంతు మీద చెయ్యి పెట్టుకొని
గుటక దిగుతుందా అని చూసుకునేదాన్ని.
దిగేది.
దిగిందో, దిగిందనుకున్నానో.

మూడో గింజనాడు కార్డు చేతికొచ్చింది.
నర్సు కేరళ పిల్ల. మడమలో పొడిచింది, భుజంలో పొడిచింది.
బొడ్డు జోలికే పోలే.
"మూడు రోజులు ఏం చేస్తున్నావ్?" అని హిందీలో అరిచింది.
తాళం సంగతి ఏ భాషలో చెప్పేది?

ఆరోనాడు గిన్నె ఉంది, నీళ్లున్నాయి,
అది లేదు.
బాబా తీసుకుపోయి సాల్మీ తోవలో
గొర్రెల గుడారం కాడ వదిలేసినాడంట.
నన్ను కరిచినందుకు కాదు.
కార్పెట్ కొరికినందుకు.

నాలుగు గింజలు వేయాల్సి ఉండాయి ఇంకా.
మహబూబ్ పీరా ఎవరెవరినో పట్టి
గొర్రెలు కాసే సూడాన్ మనిషి నంబరు తెచ్చినాడు.
సాయంత్రానికి వీడియో:
దుమ్ము, గొర్రెల కాళ్లు, కాళ్ల మధ్య ఒక తోక.
రెండు సెకన్లు.
తోక ఊగింది, చాలు.
నా బిడ్డ పదో తరగతి మార్కులకు కూడా
ఫోన్ ఇంత చూడలే.
చెప్పకూడదు గానీ, నిజం.

పదో గింజ పడిననాడు
తెగిన టైరులో నీళ్లు తాగతా ఉంది.
బొమ్మ మసగ్గా ఉంది, చప్పుడు మాత్రం బాగా వినపడింది,
లప్పు లప్పు లప్పు.
ఉల్లిపాయలు ముందరేసుకొని ఏడ్చినాను,
అడిగితే చెప్పడానికి ఉంటుందని.

ఇంకా రెండు సూదులుండాయి.
భయం పోయినాక వీడియో అడగడానికి కారణం లేదు.
పదకొండోనాడూ అడిగినాను.
దాని పేరేందని అతను అడిగినాడు.
బదర్ పెట్టిన పేరుకు నాకు నోరు తిరగదు,
"ఒసే" అనేదాన్ని.
అదే చెప్పినాను.
ఇప్పుడు సాల్మీ తోవలో, గొర్రెల నడుమ
తెలుగు ముక్క రాని మనిషి
పొద్దుగూకే యాళకు "ఒసే, ఒసే" అని అరుస్తాడంట.
ఉరుక్కుంటా వచ్చి నీళ్లు తాగతాదంట.