ఫినిషింగ్

మూడో సెమిస్టర్‌లో ఒక చెయ్యి ఎంచుకోమన్నారు.
ఎవరి చెయ్యైనా సరే,
అది రోజూ దేన్ని పట్టుకుంటుందో చూసి
ఆ పట్టుకి సరిపోయే వస్తువొకటి చేసి తెమ్మన్నారు.
క్లాసులో ఒకడు గిటారు వాయించే తన చెయ్యే తీసుకున్నాడు.
నేను విజయనగరంలో ప్యాసింజరెక్కి
పలాసలో దిగాను.

స్టేషన్ దాటగానే వాసన.
కాలిన జీడితొక్క వాసన.
స్కెచ్‌బుక్‌లో దాన్ని ఎక్కడ గీయాలో తెలీక
తేదీ పక్కన రాసుకున్నాను.

దాలెమ్మ మా అమ్మకి వరసకి చెల్లెలు.
కాశీబుగ్గ రోడ్డులో, రేకుల షెడ్డు కింద
పదకొండో ఏట నుంచీ జీడిపిక్కలు కొడుతోంది.
"ఏటే గుంటా, ఏటి సదువుతున్నావిప్పుడు?"
"డిజైను, పిన్నీ."
"అంటే జాకిట్లా?"
"కాదు. వస్తువులు."
"వస్తువులు సదవడమేటే!" అని
పక్కనున్న రాజ్యానికి కూడా చెప్పి నవ్వి
నాకో పీట జరిపింది.

ముందు వేళ్ళకి ఆముదం, ఆపైన బూడిద.
కాలితో తొక్కితే కత్తులు దగ్గరికొస్తాయి,
చేత్తో పిడి ఎత్తితే తొక్క విడుతుంది,
పప్పు ఇటు, తొక్క అటు,
జీడినూనె మాత్రం వేళ్ళ మీదే.
నేను స్టాప్‌వాచ్ నొక్కాను.
నిమిషానికి పదకొండు పిక్కలు.
పిడి చుట్టుకొలత, బొటనవేలి వెడల్పు, మణికట్టు వంపు,
అన్నీ మిల్లీమీటర్లలో.

నెల తర్వాత తొడుగులు పట్టుకెళ్ళాను.
మూడు వేళ్ళకి మూడు, మెత్తటి రబ్బరు,
ఏ రంగు వెయ్యాలా అని రెండు రాత్రులు ఆలోచించినవి.
"బాగున్నాయే, సల్లగున్నాయి" అంది.
మళ్ళీ స్టాప్‌వాచ్.
ఏడు.
ఆమె నా గడియారం చూళ్ళేదు.
తట్టలోకి చూసింది.
"మాకు కిలోల్లెక్కే గుంటా.
నీ తొడుక్కి రోజుకెన్ని కిలోలు తగ్గుతాదో
అదీ ఆ పుస్తకంలో గీసుకో."

సాయంత్రం వాటితోనే
పొయ్యి మీంచి టీగిన్నె దించింది.
ఆ పనికి మాత్రం అవి
చాలా బాగా కుదిరాయి.

బస్సుకి ముందు మట్టిముద్ద పిసికి ఇచ్చాను.
పిడి పట్టుకున్నట్టే పట్టుకోమన్నాను.
పట్టుకుంది.
"ఇంకొంచెం గట్టిగా."
"పిడికి లేని తొందర మట్టికేటే" అంటూనే నొక్కింది.
తడి తువ్వాల్లో చుట్టి
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

జ్యూరీ రోజు తెల్లటి బల్ల, తెల్లటి లైటు.
"యూజర్ ఎవరు?"
"దాలెమ్మ."
"ఊహించి పెట్టిన పేరు కాదు, అసలు యూజర్."
"అసలు పేరే, సార్."
ఒకాయన ముద్దని చేతిలోకి తీసుకుని
బొటనవేలు పడ్డ గుంటని
లైటు వైపు తిప్పి తిప్పి చూశాడు.
"ఫినిషింగ్ చాలా బాగుంది.
ఎన్నో నంబరు ఎమెరీ కాగితం?"

నేను వంగి చూశాను.
ముద్ద అడుగున, నేను మోసిన చోట,
నా వేలిగీతలు సుడులు సుడులుగా.
పైన, ఆమె నొక్కిన చోట,
ఏమీ లేదు.
కడిగిన పళ్ళెంలా నున్నగా.

రేషన్ డిపోలో మిషను మీ పిన్ని వేలు ఒప్పుకోడం లేదు,
మూడుసార్లు కొంగుకి తుడిచి పెట్టినా ఎర్ర లైటే,
అని అమ్మ ఎప్పుడో ఫోన్లో చెప్పింది.
ఊఁ అన్నాను.
అప్పుడు నేను పోస్టరుకి అక్షరాలు వెతుక్కుంటున్నాను.

"కాగితం వాడలేదు, సార్" అన్నాను.
మిగతాది నోట్లోనే ఉండిపోయింది.
బి గ్రేడ్ ఇచ్చారు.
మట్టి స్టూడియోలో వదిలెయ్యి,
తడిపి మళ్ళీ వాడుకుంటారన్నారు.
వదల్లేదు.
హాస్టల్ కిటికీలో ఎండి
చిటికెనవేలి దగ్గర పగులిచ్చింది.

వచ్చే శనివారం ప్యాసింజర్‌కి టికెట్టు తీశాను.
ఈసారి వేళ్ళ జోలికి పోను, పిడి మారుస్తాను.
నూనె కిందికి జారాలి,
నిమిషానికి పన్నెండు రావాలి.
పదకొండుకి ఒక్కటి తగ్గినా
పిన్ని దాంతో ఇంకో గిన్నె దించుకుంటుంది.