తోటి వేషం

బల్ల మీద రెండు గాజు పలకలు.
ఒకటి మూణ్ణెల్ల ఎలుకది. ఇంకోటి రెండేళ్ళది,
మనిషి లెక్కన చూస్తే నాకంటే పెద్దదే.
వెండి రంగు నేనే పట్టించినా.
కిటికీ అవతల అలిపిరి రోడ్డు, ఆగని హారన్లు.

పాఠం చెప్పేవాళ్ళు న్యూరాన్ల గురించే చెప్తారు,
మాట్లాడేది అవే గదా అని.
పక్కనుండే గ్లియాకి జిగురని పేరు పెట్టి
వదిలేసినారు, మొదట చూసినోళ్ళు.
జిగురు వింటాదా?
ఇది వింటాది.
రెండు న్యూరాన్ల సందున వేళ్ళు ఆనించి
ఒలికిన మాటని తుడిచేస్తాది,
అలిసిన దాని నోటికింత అందిస్తాది,
మధ్యలో తనూ ఒక మాటేస్తాది.
పలకలో మాటలు కనపడవు.
చేతులు కనపడతాయి.

ముప్పయ్యేళ్ళు చెంగల్రాయుడూ అంతే.
నేను నోరు తెరవకముందే
కవర్ స్లిప్పు నా వేళ్ళ మధ్యన ఉండేది.

ఏటా గంగజాతరకి తోటి వేషం కడతాడు.
ఒళ్ళంతా బొగ్గు, మెడలో నిమ్మకాయలు, చేతిలో వేపమండ.
ఆ నాలుగు రోజులూ ఎవర్నైనా తిట్టచ్చు.
ఒకసారి కొర్లగుంట మలుపులో
నన్నూ తిట్టినాడు, మా పెద్ద డాక్టర్ని కలిపి!
నవ్వలేక చచ్చినా.
అమ్మవారి చెంప నరికినాక బొగ్గు కడుక్కుని
తెల్లారి యథాప్రకారం, "నమస్తే మేడం."

ముసలి ఎలుక పలక పెట్టినా.
చెత్త ఎత్తే చిన్న గ్లియాలు
కొమ్మలు ముడుచుకుని, పొట్టలు ఉబ్బించుకుని ఉండాయి.
జాతర ముగిసిందని వీటికెవరూ చెప్పలా.
ఒక్క రాత్రి జ్వరానికే తిట్టుకుంటా లేస్తాయి,
చెత్తతో పాటు
పచ్చగుండే రెమ్మల్నీ ఊడ్చుకుపోతాయి.

తప్పు వాటిదే అనుకున్నా చాన్నాళ్ళు.
తర్వాత చదివినా:
న్యూరాన్ కూడా వయసులో ఉన్నప్పుడు
గడియ గడియకీ ఒక చిన్న కబురు పంపేదంట,
"నేనే. బాగుండా. నువ్వు కుదురుగా ఉండు."
ముసలితనంలో ఆ కబురు పలచబడతాదంట.
మానుకున్నట్టు దానికే తెలీదు.

మొన్న పలక పగిలినప్పుడు
చెంగల్రాయుడు నా మీద అరిచినాడు.
జాతర లేదు. బొగ్గు లేదు. కార్తీక మాసం.
నేను రిపోర్టు రాయబోయి
పేరు దగ్గర ఆగిపోయినా.
ముప్పయ్యేళ్ళ పేరు, రెండు నిమిషాలు, రాలా.

మైక్రోస్కోపు లైటు ఆర్పేసినా.
"చెంగా, సంగటి తిన్నావా?"
ఎన్నేళ్ళయిందో ఈ మాట అడిగి.
వినపడలేదేమో, తలెత్తలా.
కాసేపటికి వచ్చి
నేనడగని కవర్ స్లిప్పు ఒకటి
బల్ల మీద పెట్టి,
అక్కడే నిలబడినాడు.