ఎనభై సెకన్లకో ఎర్ర చుక్క

పొందూరులో పద్నాలుగు వందల గుమ్మాల మీటర్లు చదివేవాణ్ణి.
ఎవరింట్లో ఫ్రిజ్ ముసలిదో, ఎవరు రాత్రంతా మోటారు వదిలేస్తారో
గోడ మీది అంకెలే చెప్పేస్తాయి నాకు.
నా ఇంటి మీటరు ముందు మాత్రం
ఆ ఆదివారం దొంగలా నించున్నాను.

ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకాను.
"చార్జరు కూడానా?" అంది నీలవేణి.
చార్జరు కూడా.
మిగిలింది అటక కింది పాత కంప్యూటరు ఒక్కటే,
ఇంటిల్లిపాది ఫొటోలూ ఒకచోట దాచుదామని
నేను ముచ్చటపడి పెట్టింది.
పన్నెండు సెకన్లకోసారి మీటరు ఎర్రగా కన్ను కొట్టింది.
మూడువేల రెండువందల సార్లు కొడితే ఒక యూనిట్టు.
లెక్క నోటి మీదే ఉంది: తొంభై వాట్లు,
నెలకి అరవై అయిదు యూనిట్లు,
ఏ పనీ లేకుండా ఊరికే మేలుకుని ఉన్నందుకు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ పక్క సందులో
ముఖలింగం రిపేరు షాపు.
పద్దెనిమిది వందలకి ల్యాప్‌టాప్ ఇస్తూ
"తెర నేదు గదేటి బావూ, ఏటి సూస్తావు?" అన్నాడు.
చూడ్డానికి కాదు, దాచుకోడానికి.
డిస్కులు రెండు. ఒకటి కొత్తది.
రెండోది ఏదో బంగారం కొట్టు సీసీ కెమెరా పెట్టెలోంచి దిగింది,
మూడేళ్ళు ఒకే గుమ్మాన్ని చూసి చూసి అలిసింది.
పైపెట్టెకి డబ్బులు చాల్లేదు.
పలాస జీడిపప్పు రేకుడబ్బాకి
గాలాడ్డానికి మేకుతో నలభై చిల్లులు పొడిచాను.
వారం రోజులు ఇల్లంతా వేయించిన జీడిపప్పు వాసన.

మళ్ళీ మీటరు ముందు.
ఇరవై. నలభై. దోమ కుట్టినా కదల్లేదు.
డెబ్బై తొమ్మిది, ఎనభై,
అప్పుడు, ఒక్క చుక్క.
పద్నాలుగు వాట్లు!
దేవుడి గూట్లో జీరో బల్బే పదిహేను తాగుతుంది.

అందులో ఏమున్నాయని?
హేమ ఒకటో తరగతి డ్యాన్సు, సగం టీచరు వీపే.
పొలం పాసుపుస్తకం.
నీలవేణి కుట్టిన జాకెట్ల మెడలు ఆరువందల పన్నెండు, తలలు లేకుండా.
తితలీ తుఫానుకి సోంపేట డ్యూటీ వేసినప్పుడు
ఒరిగిపోయిన స్తంభాల మధ్య నేను.
ఆ ఫొటోలో కనుచూపు మేర ఒక్క మీటరూ తిరగడం లేదు.

పక్కగదిలో మా తవిటమ్మత్త రాట్నం.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వి
నూరో నంబరు నూలు తీసే చెయ్యి.
మొన్నొక రాత్రి వడకడం ఆపి, చెవి ఇటు తిప్పింది.
"నీ డబ్బాలో కదురు వంకరొచ్చిందిరా."
నవ్వాను. అందులో కదురెక్కడిదత్తా.
"తిరిగేదానికి కదురుండదేటి?
రెండున్నాయి. ఒకటి ఏడుస్తంది."

ఫోన్లో తెరిచి చూశాను.
బంగారం కొట్టు డిస్కులో చెడిన గదులు
నిన్న పదకొండు,
ఇవాళ మూడువందల నాలుగు.

రెండింట్లోనూ ఒకటే రాత కాబట్టి ఏదీ పోలేదు.
జాకెట్ల డబ్బుతో ఇంకోటి తెచ్చాం, ఈసారి కొత్తదే.
బాగున్నదాన్లోంచి దీన్లోకి నకలు దిగడానికి
పందొమ్మిది గంటలు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది,
ల్యాప్‌టాప్ ముసలి బ్యాటరీ ఊపిరి బిగబట్టి లాక్కొచ్చింది.
అత్త నీళ్ళకి లేచినప్పుడల్లా అడిగేది, చిలప ఎంతయిందని.
ముప్పై శాతం. అరవై రెండు.
"తెగితే కంగారుపడకు. కొసలు రెండూ తడిచేసి మెలిపెట్టు."
అదేదో నా వేళ్ళతో అయ్యే పనైనట్టు.

నెలాఖరున నా ఇంటి బిల్లు నేనే కొట్టాను.
మిషను కిర్రుమని కాగితం కక్కింది.
మేకుకి గుచ్చబోతూ నీలవేణి ఆగింది.
"డబ్బాకెంత?"
పది యూనిట్లు, అన్నాను గొప్పగా.
"మీ అత్త రాట్నానికి?"
సున్నా.

పక్కగదిలోంచి దగ్గు వినిపించింది.
నవ్వు కూడా కావచ్చు.